చెంప ఆనని రైఫిల్ చెక్క స్టాకుకు పరిష్కారం

పది మీటర్ల గురికి తల నిలిపినప్పుడు రైఫిల్ స్టాకుకు (భుజానికి, చెంపకు ఆనించే చెక్క భాగానికి) చెంప ఆనడం లేదనీ, అందువల్ల దాని వెనుక భాగాన్ని కోయాలనుకుంటున్నాననీ రాశారు. దయచేసి ఇప్పుడే రంపం పట్టకండి. కోస్తే తగ్గేది పొడవు మాత్రమే, మీ ఇబ్బంది ఎత్తుకు సంబంధించినది.

రైఫిల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాక, చెంప ఆనే చోట కార్కు షీటు ముక్కలను ఒక్కొక్కటిగా టేపుతో అంటిస్తూ, కళ్లు మూసుకొని తల ఆనించి తెరిచి చూడండి. మెడ బిగించకుండానే వెనుక సైటు (గురి చూసే పరికరం) రంధ్రం నడుమ ముందు సైటు కనిపిస్తే, అదే మీకు కావలసిన మందం. షూటింగ్ జాకెట్ వాడేవారైతే అది వేసుకునే కొలవాలి. ఆ మందానికి టేకు ముక్కను మలిచి, 120, 240, 400 నంబరు గరుకు కాగితాలతో వరుసగా నునుపు చేసి, మరిగించిన అవిసె నూనెను పలుచగా పట్టించండి. (నూనె గుడ్డలను ఉండచుట్టి వదిలేస్తే వాటంతట అవే అంటుకోగలవు, పరిచి ఆరబెట్టండి.) ఆ ముక్కను బిగించడానికి స్టాకుకు రంధ్రాలు వేసే ముందు బ్యారెల్ భాగాన్ని విడదీసి, తిరిగి బిగించాక సైటును మళ్లీ సరిచేసుకోండి.