ఫోన్ డిక్టేషన్ వినబడకపోతే...

ప్రశ్న: మా అడ్వొకేటు గారు తిరుపతి కోర్టు నుంచి ఫోన్ చేసి నోటీసులు, అఫిడవిట్లు చెబుతారు. ఆయనకు తెలిసే, ఒక యాప్‌తో నా మొబైల్లో కాల్ రికార్డు చేసుకుని తర్వాత టైపు చేస్తాను. నా గొంతు ఖంగుమంటుంది, సారు గొంతు మాత్రం సన్నగా వినిపిస్తుంది. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాములో నార్మలైజ్ నొక్కినా మార్పు లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు అవతలి గొంతును బయటి యాప్‌లకు నేరుగా ఇవ్వవు. చెవి దగ్గర వినిపించేదాంట్లో మైకుకు చేరిన కాస్తే రికార్డవుతుంది. లోపం అక్కడుంది, మీ స్పీకర్లలో కాదు.

నార్మలైజ్ ఎందుకు పనిచేయలేదంటే, అది ఫైలు మొత్తంలో అన్నిటికన్నా పెద్ద శబ్దాన్ని చూసి దాన్నిబట్టే పెంచుతుంది. మీరన్న ఒక్క ‘సరే సార్’ ఇప్పటికే గరిష్ఠ స్థాయిని తాకుతుంటే, సారు గొంతు పెరగడానికి చోటే ఉండదు. కాబట్టి ముందు ఫైలుకు కాపీ తీసుకుని అందులో మీ మాటలున్న ఎత్తైన గీతలను ఒక్కొక్కటే సెలెక్టు చేసి, ఆంప్లిఫైలో మైనస్ 15 డెసిబెల్స్ ఇచ్చి తగ్గించండి. విసుగు పుట్టించే పనే, కానీ సగం ఫలితం ఇక్కడే వస్తుంది. ఒకవేళ రెండు గొంతులూ రెండు ఛానళ్లలో విడివిడిగా పడి ఉంటే అదృష్టమే: స్ప్లిట్ స్టీరియో టు మోనో చేసి మీ ట్రాకును మ్యూట్ చేస్తే చాలు.

తర్వాత కింది స్థాయి గురగురను కోసేసే హై-పాస్ ఫిల్టర్ 200 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఎవరూ మాట్లాడని అర సెకను చోటు సెలెక్టు చేసి నాయిస్ రిడక్షన్‌లో నాయిస్ ప్రొఫైల్ (వెనక చప్పుడు నమూనా) తీసుకుని, ఫైలు మొత్తానికి 6 నుంచి 9 డెసిబెల్స్ తగ్గింపు ఇవ్వండి. ఇంకా ఎక్కువ ఇస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అయి అక్షరాలు మింగేసినట్టు వినిపిస్తాయి. ఆపైన పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించే కంప్రెసర్: త్రెషోల్డ్ (అది పని మొదలెట్టే స్థాయి) మైనస్ 30 డెసిబెల్స్, రేషియో (తగ్గించే నిష్పత్తి) 4:1. అప్పుడు నార్మలైజ్ మైనస్ 1 డెసిబెల్. ఈ వరుస తప్పకండి. కంప్రెసర్ ముందు వేస్తే గొంతుతో పాటు గురగుర కూడా పైకి లేస్తుంది.

ఎంత పెంచినా రానిది ఒకటుంది. హెచ్‌డీ వాయిస్ కాని మామూలు ఫోన్ కాల్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. స, శ, ష తేడా తెలిపే శబ్దం ఎక్కువ భాగం దానికి పైనే ఉంటుంది. గొంతు సన్నగా ఉంటే ఇరవై, అరవై లాంటివి కూడా పొరబడవచ్చు. సర్వే నంబర్లు, డోర్ నంబర్లు, ఇంటిపేర్లు మాత్రం సారును అంకె అంకె, అక్షరం అక్షరం విడగొట్టి చెప్పమనండి. పత్రంలో తప్పు పడితే కక్షిదారు నష్టపోతాడు.

అన్నిటికన్నా మంచిది కాల్ రికార్డింగే మానేయడం. సారు తన ఫోన్లోని వాయిస్ రికార్డరులో చెప్పి, ఆ ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే చాలు. మైకు నోటి దగ్గరే ఉంటుంది, కాల్‌కుండే ఆ హద్దూ ఉండదు.

ప్రశ్న: ల్యాండ్‌లైన్ రిసీవరుకు అంటించే, ఫోన్ మాటలను పట్టే కాయిల్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి డిక్టేషన్ రికార్డు చేస్తున్నాను. సౌండు తక్కువ, గదిలో ఫ్యాను చప్పుడు ఎక్కువ.
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఫ్యాను చప్పుడు ఎక్కువగా వినిపిస్తోందంటే రికార్డు చేస్తున్నది బహుశా కాయిల్ కాదు, ల్యాప్‌టాప్ లోపలి మైకు. కాయిల్ అయస్కాంత క్షేత్రాన్నే పట్టుకుంటుంది, గదిలో గాలి చప్పుడు దానికి నేరుగా అందదు. రికార్డింగ్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ కీబోర్డు పక్కన గోరుతో తట్టండి. ఆ చప్పుడు గట్టిగా పడితే అనుమానం తీరినట్టే.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోనుకూ మైకుకూ కలిపి ఒకే సాకెట్టు ఉంటుంది. కాయిల్ పిన్ను మోనోది కాబట్టి దాని సిగ్నల్ మైకు కొసకు చేరదు. హెడ్‌సెట్ స్ప్లిటర్ కొని, మైకు బొమ్మ ఉన్న పాయలో కాయిల్ పెట్టి, సౌండ్ సెట్టింగుల్లో ఆ మైకును ఎంచుకోండి. డెస్క్‌టాప్ అయితే గులాబీ రంగు మైకు సాకెట్టులోనే పెట్టాలి. నీలం రంగు లైన్-ఇన్‌కు కాయిల్ ఇచ్చే సిగ్నల్ సరిపోదు.

ఆ తర్వాత కాయిల్‌ను రిసీవరు వెనక, చెవి వైపు కొద్దికొద్దిగా జరుపుతూ గొంతు పెద్దగా వచ్చే చోట అంటించండి. గుయ్ మంటే ట్యూబ్‌లైట్ చోకుకూ ఛార్జరుకూ దూరంగా జరగండి. మిగిలిన గుయ్‌ను హై-పాస్ 300 హెర్ట్జ్ చాలావరకు తగ్గిస్తుంది.