బాలింతకు ఒక్క కాలే వాస్తే వాతం అనుకుని ఊరుకోకండి

సిజేరియన్ అయ్యాక మీకు ఒక కాలి పిక్క నొప్పిగా ఉండి వాచిందనీ, ఇంట్లో వాతం అంటున్నారనీ రాశారు. రక్తం గడ్డకట్టడం అంత ప్రమాదమా అని అడిగారు. ప్రమాదమే. ముందు ఇవాళే వెళ్లి కాలికి డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్) చేయించుకోండి, మిగతాది తర్వాత చదవొచ్చు. ఈలోగా కాలు ఎవరిచేతా పిసికించుకోకండి.

మా అక్కకు రెండో కాన్పు తర్వాత ఇలాగే అయింది. ఎడమ పిక్క పట్టేసిందంటే మా పెద్దమ్మ బాలింత వాతమని ఆముదం రాసి మర్దన చేయించింది. దగ్గర్లోని డాక్టరు నొప్పి మాత్రలిచ్చి పంపాడు. మర్నాటికి కాలు తొడదాకా వాచి, ముట్టుకుంటే వేడిగా తగిలింది. మా బావ టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచాడు. తేడా కంటికే తెలుస్తోంది, అయినా టేపు చూశాకే పెద్దమ్మ ఒప్పుకుంది! డాప్లర్‌లో తొడ లోపలి సిరలో గడ్డ కనిపించింది. దీన్నే డీవీటీ (డీప్ వీన్ త్రాంబోసిస్) అంటారు.

అది కాలిలోనే ఉండిపోతే ఇంత టెన్షన్ లేదు. ముక్క ఊడి, గుండె మీదుగా వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుంటే ప్రాణం పోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, గుండెదడ, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా గర్భిణి ఒంట్లో గడ్డకట్టే గుణం ముందే పెరుగుతుంది. కాన్పయ్యాక ఆరు వారాలదాకా ముప్పు బాగా ఎక్కువ, సిజేరియన్ అయితే ఇంకాస్త. దానికి మన పత్యం తోడు. మంచం దిగనివ్వరు, పొట్ట పెరుగుతుందని నీళ్లు కొలిచి పోస్తారు. కాయం తినండి, చెవుల్లో దూది పెట్టుకోండి, నాకేం పేచీ లేదు. నీళ్లు మాత్రం తగ్గించకండి. డాక్టరు నడవమన్నాక గదిలోనైనా నడవండి.

అక్కకు మొదట పొట్ట మీద ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, తర్వాత వార్ఫరిన్ మాత్రలు. ఇవి గడ్డ పెరగకుండా ఆపుతాయి. కరిగించుకునేది శరీరమే, అందుకే నెలల తరబడి వాడాలి. పాలిచ్చే తల్లులకు ఈ రెండూ ఇస్తారు. రివరాక్సాబాన్ లాంటి కొత్త మాత్రలు సాధారణంగా ఇవ్వరు కాబట్టి బిడ్డకు పాలిస్తున్న సంగతి ముందే చెప్పండి. వార్ఫరిన్ వాడితే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, మామూలుగా అది 2, 3 మధ్య ఉండేలా చూస్తారు. తోటకూర, గోంగూర మానక్కర్లేదు గానీ, వారమంతా ముట్టకుండా ఒకరోజు గిన్నెడు తింటే ఆ లెక్క తప్పుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకుంటే రక్తస్రావం కావచ్చు.

అక్క కాలు ఇప్పటికీ సాయంత్రానికి బరువెక్కుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఇక వాడొద్దన్నారు. మళ్లీ గర్భం వస్తే మొదట్లోనే ఈ విషయం చెప్పాలట, అప్పుడు కూడా ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. కాబట్టి డాప్లర్ రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు పారేయకండి.