టెంపో ట్రావెలర్ క్యారవాన్‌లో 2000 వాట్ల ఇన్వర్టర్‌కు 10 స్క్వేర్ ఎంఎం కేబుల్ సరిపోతుందా?

పాత టెంపో ట్రావెలర్‌ను సొంతంగా క్యారవాన్‌గా మార్చుకుంటున్నామనీ, 12 వోల్టుల లిథియం బ్యాటరీకి 2000 వాట్ల ఇన్వర్టర్ పెడుతున్నామనీ రాశారు. రెండు మీటర్ల దూరానికి మీరు కొన్న 10 స్క్వేర్ ఎంఎం కేబుల్ చాలునా, ఫ్యూజు ఎక్కడ పెట్టాలి, హోమ్‌స్టేలో ఆగినప్పుడు అక్కడి కరెంటు ఎలా కలుపుకోవాలి అని అడిగారు. ఇదే పని నా బండిలో నా చేతులతో చేశాను, ఒక తప్పు కూడా చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ కేబుల్ చాలదండీ. 2000 వాట్లను 12తో భాగిస్తే 167 ఆంపియర్లు వస్తాయి, ఇన్వర్టర్ లోపల వేడిగా పోయేది కూడా కలుపుకుంటే పూర్తి లోడు మీద దాదాపు 190 ఆంపియర్లు. పోను రెండు, రాను రెండు, మొత్తం నాలుగు మీటర్ల 10 స్క్వేర్ ఎంఎం రాగి తీగలో అంత కరెంటు పారితే సుమారు 1.3 వోల్టులు దారిలోనే పోతాయి, 250 వాట్ల వేడి పుడుతుంది. అంటే ఇస్త్రీ పెట్టె వేడిలో నాలుగో వంతు, సీటు కింద చెక్క పలకల మధ్య పరిచిన తీగలోనే పుడుతుందన్నమాట. నేను 70 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేసి, బ్యాటరీని ఇన్వర్టర్ పక్కకే జరిపి, దూరాన్ని మీటరు లోపలికి తెచ్చాను. మీరు ఇంకా బ్యాటరీ కొనకపోతే 24 వోల్టులకు వెళ్లడం మంచిది. కరెంటు సగమవుతుంది, అదే తీగలో వేడి నాలుగో వంతుకు పడిపోతుంది.

230 వోల్టులంటే అందరం భయపడతాం, 12 వోల్టులంటే ముట్టుకున్నా షాక్ కొట్టదు కదా అని తేలిగ్గా తీసుకుంటాం. నా తప్పు అక్కడే జరిగింది. శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాట్ ఎక్కి, అరకు చేరిన రాత్రి ఇండక్షన్ స్టవ్ మీద అన్నం పెట్టిన పది నిమిషాలకు రబ్బరు కాలిన వాసన వచ్చింది. సీటు ఎత్తి చూస్తే ఫ్యూజు హోల్డర్ దగ్గర లగ్ (కేబుల్ చివర నొక్కి బిగించే లోహపు కొస) మీది ఎర్ర స్లీవు నల్లబడి ముడుచుకుపోయి ఉంది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. బిగించేటప్పుడు స్టీలు వాషర్‌ను నట్టు కింద కాకుండా లగ్‌కూ బోల్టు అడుగుభాగానికీ మధ్య పెట్టాను, పైగా ఘాట్ రోడ్డు కుదుపులకు నట్టు వదులైంది. అలాంటి జాయింటులో ఒక్క మిల్లీ ఓమ్ నిరోధం ఉన్నా 150 ఆంపియర్ల దగ్గర 22 వాట్ల వేడి పుడుతుంది, అది ఒక సోల్డరింగ్ ఐరన్‌తో సమానం. పారుతున్న కరెంటు మామూలుగానే ఉంటుంది కాబట్టి దీన్ని ఏ ఫ్యూజూ పట్టుకోలేదు. అందువల్ల లగ్‌లను సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి, లగ్ నేరుగా లోహానికి ఆనుకోవాలి, స్ప్రింగ్ వాషర్ నట్టు కింద ఉండాలి.

ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా, జానెడు లోపు ఉండాలి, ఎందుకంటే అది కాపాడేది ఇన్వర్టర్‌ను కాదు, కేబుల్‌ను. నాది 250 ఆంపియర్లది. మీ కేబుల్ కేటలాగులో ఇచ్చిన సామర్థ్యం ఫ్యూజు రేటింగు కంటే ఎక్కువ ఉందో లేదో చూసుకోండి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వదులుతుంది, మామూలు కారు ఫ్యూజు కరిగినా మధ్యలో మంట ఆరక కరెంటు పారుతూనే ఉండవచ్చు. కాబట్టి అంత పెద్ద కరెంటును కూడా తెంచగలిగే క్లాస్ టి రకం ఫ్యూజే వాడండి.

ఇక 230 వోల్టుల వైపు. చాలా చిన్న ఇన్వర్టర్లలో అవుట్‌పుట్ తీగలు రెండూ ఎర్త్‌తో సంబంధం లేకుండా ఉంటాయి. అప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) పెట్టినా, తొలి లీకేజీకి అది పడిపోదు, ఎందుకంటే లీకైన కరెంటు తిరిగి వెళ్లడానికి దారే లేదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం పడిపోతుంది! ఆ బటన్‌కు ఎర్త్‌తో పని లేదు కాబట్టి దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఇన్వర్టర్ మాన్యువల్ ఒప్పుకుంటేనే న్యూట్రల్‌ను ఛాసిస్ ఎర్త్‌కు కలపాలి. ఒప్పుకోని మోడళ్లు కొన్ని ఉన్నాయి, వాటిలో కలిపితే ఇన్వర్టరే కాలిపోతుంది.

హోమ్‌స్టే కరెంటును, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ను ఎప్పుడూ ఒకే తీగకు కలపకండి. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ మార్చే డబుల్ పోల్ ఛేంజోవర్ స్విచ్ పెట్టి, న్యూట్రల్‌ను ఛాసిస్‌కు కలిపే ఆ ఎర్త్ లింకును స్విచ్‌కు ఇన్వర్టర్ వైపే ఉంచండి. అది స్విచ్ దాటి ఉంటే, ఫేజు, న్యూట్రల్ తారుమారైన సాకెట్‌లో ప్లగ్గు పెట్టిన రోజున బండి ఒళ్లంతా కరెంటే. పాత ఇళ్లలో అలాంటి సాకెట్లు నాకు రెండుసార్లు తగిలాయి, అందుకే ప్లగ్గు పెట్టేముందు టెస్టర్ పెట్టి చూస్తాను.

అంతా బిగించాక అరగంట పూర్తి లోడు నడిపి, ఆపి, ప్రతి లగ్‌నూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. మొదటి ఘాట్ ప్రయాణం తర్వాత నట్లన్నీ మళ్లీ స్పానర్‌తో పరీక్షించండి. మీరు కొన్న 10 స్క్వేర్ ఎంఎం కేబుల్ వృథా కాదు, 40 ఆంపియర్ల ఫ్యూజుతో లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు ఉన్న ఫ్యూజు బాక్సు దాకా దాన్నే వేసుకోండి.