ఇంజనీరింగ్ వద్దు, ఫైటర్‌నవుతా అంటున్న అబ్బాయి

ప్రశ్న: మాది హిందూపురం, పదిహేనేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా అబ్బాయికి 17 ఏళ్ళు, సెకండ్ పీయూ (ఇంటర్ రెండో ఏడు) చదువుతున్నాడు. రెండేళ్ళుగా మా వీధి చివరి అకాడమీలో వారానికి మూడు రోజులు బ్రెజిలియన్ జుజుత్సు (నేల మీద పట్లు పట్టే విద్య), రెండు రోజులు ముయే థాయ్ (థాయ్‌లాండ్ కిక్ బాక్సింగ్) నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ సీటుకి సీఈటీ రాయను, ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన పోరాటం) ఫైటర్‌నవుతా అంటున్నాడు. ఇంట్లో రోజూ గొడవే. మొన్న చెవి వాచి వచ్చాడు, వాళ్ళమ్మ ఏడుపు. ఏం చేయమంటారు?

జవాబు: ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఈ రెండేళ్ళలో మీవాడు ఒక్క పోటీలోనైనా దిగాడా? మీరు రాసినదాంట్లో గొడవ ఉంది, చెవి ఉంది, పోటీ ఊసే లేదు. అకాడమీలో రోజూ చూసే నలుగురితో స్పారింగ్ (సాధన పోరు) చేయడం వేరు, మొహం తెలియని కుర్రాడు ఎదురుగా నిలబడి మీద పడటానికి చూస్తుంటే కాళ్ళు వణక్కుండా నిలబడటం వేరు. దిగకపోతే ముందు దిగమనండి. రెండు మూడు పోటీలు అయ్యాక వాడి మాట మారినా మారుతుంది, మారకపోతే అప్పుడు మీరు వినాల్సిందే.

ఫైటర్ కావడం గురించి. మన దేశం నుంచి ఎంఎంఏలో అతిపెద్ద సంస్థ యూఎఫ్‌సీ దాకా వెళ్ళినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2017లో భరత్ ఖండారే వెళ్ళాడు, 2024 జూన్‌లో పూజా తోమర్ గెలిచింది, అక్కడ గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. అయితే ఆమె ఎంఎంఏతో మొదలుపెట్టలేదు, ముందు వుషు అనే చైనా యుద్ధకళలో జాతీయ చాంపియన్. వన్ చాంపియన్‌షిప్ అనే ఇంకో ఎంఎంఏ సంస్థకి వెళ్ళిన రీతూ ఫోగట్ సంగతీ అంతే, కుస్తీ నుంచి వచ్చింది. అంటే జిల్లా, రాష్ట్రం, జాతీయం అని మెట్లున్న ఆటలో ముందు ఎదిగి, ఆ తర్వాత ఎంఎంఏ పోటీ జరిగే పంజరంలోకి అడుగుపెట్టారు. మీవాడు ఆ మెట్లు వదిలేసి నేరుగా మేడ మీదికి దూకుతానంటున్నాడు.

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులకు తెలియని చిక్కొకటి ఉంది. జుజుత్సులో బెల్టు ఎంత గొప్పదైనా, కాలేజీ సీటుకో ఉద్యోగానికో క్రీడా కోటా అడిగితే ఆ బెల్టు ఎవరికీ పట్టదు, వాళ్ళు చూసేది గుర్తింపు ఉన్న ఆటలో ఆడిన సర్టిఫికెట్. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటా జాబితాలో జూడో, కుస్తీ, బాక్సింగ్, టైక్వాండో ఎప్పటినుంచో ఉన్నాయి, 2020లో వుషు కూడా చేరింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది, తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. బాక్సింగ్‌కి ఆ దారి ఉంది, ఎంఎంఏకి ఇంకా లేదు.

అందుకని అకాడమీ మాన్పించమని నేను చెప్పను. పక్కన ఇంకో ఆట కలపమంటాను. రెండేళ్ళు నేల మీద పట్లు పట్టినవాడికి జూడో కొత్త లోకమేమీ కాదు, ఎందుకంటే బ్రెజిలియన్ జుజుత్సు పుట్టిందే జూడో నుంచి. జపాన్‌లోని జూడో బడి కోడోకాన్‌లో నేర్చుకున్న మయేదా బ్రెజిల్ వెళ్ళి గ్రేసీ కుటుంబానికి నేర్పిన విద్య అది. కానీ రూల్స్ తేడా. జూడోలో కాళ్ళు పట్టుకుని పడగొట్టడం కుదరదు, కాలి కీళ్ళకు లాక్ వేయకూడదు, నేల మీద పని జరగడం లేదనిపిస్తే రిఫరీ వెంటనే లేపేస్తాడు, కాబట్టి నిలబడి విసరడం కొత్తగా నేర్చుకోవాలి. ముయే థాయే ఎక్కువ ఇష్టమంటే వుషులో సాండా చూడమనండి. గుద్దులు, తన్నులు, ఎత్తి పడేయడం మూడూ ఉంటాయి, నేల మీద పోరాటం ఉండదు, మోచేతి దెబ్బలు చెల్లవు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మణిపూర్ అమ్మాయి రోషిబినా దేవి రజతం తెచ్చింది దాంట్లోనే. కుస్తీ అంటారా, హర్యానా పిల్లలు ఎనిమిదేళ్ళకే అఖాడాలో ఉంటారు, 17 ఏళ్ళకు మొదలుపెట్టి వాళ్ళని అందుకోవడం కష్టం.

ఇక చదువు. సీఈటీ రాయాల్సిందే, దానికీ ఆటకూ పోటీ లేదు. అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీలు 17 నుంచి 25 ఏళ్ళలోపు విద్యార్థులకు, అంటే కాలేజీలో పేరు లేకపోతే మీవాడికి ఆ తలుపే తెరుచుకోదు. ఇంజనీరింగే చేయాలని నేను పట్టుబట్టను, బీఎస్సీ అయినా బీకామ్ అయినా సరే, కాలేజీ మాత్రం అకాడమీకి దగ్గరగా ఉండాలి. సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటి రోజూ వెళ్ళొచ్చే కాలేజీలో పడేస్తే సాధన చచ్చినట్టే, ట్రాఫిక్‌లోనే ఒళ్ళు పులిసిపోతుంది.

డిగ్రీ ఇంకొకందుకూ కావాలి. ఫైటర్లలో చాలామంది చివరికి బతికేది కోచింగ్ మీద. బెంగళూరులో కోచ్ జీవితం ఎలా ఉంటుందంటే, తెల్లవారి ఆరింటికి ఒక బ్యాచ్, మధ్యాహ్నమంతా ఖాళీ, సాయంత్రం చిన్నపిల్లలు, రాత్రి ఆఫీసు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఆదివారం పోటీలు. అద్దె కట్టేది ఎక్కువగా ఆ చిన్నపిల్లల ఫీజులే, కాబట్టి పిల్లలతో ఓపిక లేనివాడికి ఈ పని వద్దు. జుజుత్సు బ్లాక్ బెల్టుకి దాదాపు పదేళ్ళు పడుతుంది. ప్రభుత్వ కోచ్ కావాలంటే పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా ఉంది, దానికి డిగ్రీ అడుగుతారు. ఆ సంస్థ దక్షిణ కేంద్రం మన జ్ఞానభారతిలోనే ఉంది, ఏ ఆటకు ఏ కేంద్రంలో కోర్సు ఉందో వెళ్ళి కనుక్కోండి.

మీరు ఒకసారి ఆ క్లాసుకి వెళ్ళి గంటసేపు కూర్చోండి, మీవాడికి ముందుగా చెప్పకుండా. ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టిన (ట్యాప్ చేసిన) క్షణంలో పట్టు వదులుతున్నారా? బలమైనవాళ్ళను కొత్తవాళ్ళ తల మీద గట్టిగా కొట్టనిస్తున్నారా? మ్యాట్ తుడుస్తున్నారా? తుడవకపోతే తామర ఇంటికొస్తుంది. పోటీకి వారం ముందు నీళ్ళు మానేసి బరువు తగ్గమని చెప్పే కోచ్ అయితే మాత్రం ఇంకో చోటు వెతకండి, 17 ఏళ్ళవాడితో ఆ ఆట ఆడకూడదు.

చెవి సంగతి. రాపిడికి చెవి డొప్పలో రక్తం చేరి వాచింది, ఈ ఆటలో మామూలే, కానీ అలాగే వదిలేస్తే గట్టిపడి కాలీఫ్లవర్‌లా ముడతపడిపోతుంది, మళ్ళీ మామూలు కాదు. ఈ రెండు మూడు రోజుల్లోనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఆ రక్తం తీసి కట్టు కడతారు. ఇంట్లో సూదితో పొడిచే ప్రయోగాలు వద్దు, యూట్యూబ్ చూసి కుర్రాళ్ళు అదీ చేస్తున్నారు. మానేదాకా మ్యాట్ ఎక్కొద్దనండి, తర్వాత ఇయర్ గార్డ్ కొనివ్వండి. అది మీ చేత్తో మీరే కొనిస్తే, సీఈటీ మాట ఎత్తినప్పుడు వాడు కాస్త వింటాడనుకుంటున్నాను.