ఒకవాంగో వెళ్తున్న మేనకోడలికి

చిన్నీ,

నువ్వు ఆఫ్రికాలో బోట్స్వానాకి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. చెప్పడానికి కాదు, ఫిర్యాదు చెయ్యడానికి. "అక్కా, సింహాలు తిరిగే చోట టెంట్లో పడుకుంటుందట, నువ్వైనా చెప్పు" అన్నాడు. వాడి అక్క ఆ దేశంలోనే ఏళ్ళ తరబడి పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ కాపురం చేసిందన్న సంగతి వాడికి గుర్తు లేదు. మీ మామయ్యకి చెప్తే ఆయన గబగబా లేచి పాత మ్యాపు వెతికి తీశాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి నిద్ర సరిగ్గా లేదు. మా ఇంటి పిల్ల అక్కడిదాకా వెళ్తోందని గర్వం ఒక పక్క, నీ దుడుకుతనం తెలిసిన టెన్షన్ ఒక పక్క.

నువ్వు పంపిన ప్రోగ్రాం చూశాను. మౌన్ ఊళ్ళో దిగి సెంట్రల్ కలహారి ఎడారి, అక్కణ్ణించి మఖడిఖడి ఉప్పు మైదానాలు, తర్వాత ఒకవాంగో డెల్టా, మొరేమి, సవూటి, చివరికి చోబే అడవులు. మంచి దారే. ఎడారి ముందు, నీళ్ళు తర్వాత పెట్టినవాడికి పని తెలుసు. అటు నుంచి ఇటు వస్తే కలహారి బోసిగా కనిపించి నువ్వు మొహం ముడుచుకునేదానివి.

వీసా, టికెట్లు నాకంటే నీకే బాగా తెలుసు. మలేరియా మాత్రల గురించి బయల్దేరే ముందే డాక్టర్ని అడుగు. ఇథియోపియా మీదుగానో కెన్యా మీదుగానో వెళ్తున్నావా? అయితే ఎల్లో ఫీవర్ టీకా సంగతి ఇప్పుడే కనుక్కో, వేయించుకున్న పది రోజులకి గాని ఆ సర్టిఫికెట్ చెల్లదు. గట్టి సూట్‌కేసు వద్దు, మెత్తటి బ్యాగు తీసుకో. చిన్న విమానం ఎక్కాల్సి వస్తే గట్టి పెట్టె దాని కడుపులో పట్టదు.

చలి గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఎడారి అనగానే నువ్వు పల్చటి కాటన్ బట్టలన్నీ సర్దేసి ఉంటావు. నువ్వు వెళ్ళే జూలై అంటే అక్కడ నడిచలికాలం. కలహారిలో రాత్రిళ్ళు సున్నా కిందికి పోతుంది, పొద్దున్నే బకెట్లో నీళ్ళమీద పల్చగా గడ్డ కట్టడం నేను చూశాను. ఆరు గంటలకే పక్కలు లేని బండిలో కూర్చోబెడతారు, ఆ గాలి చెవుల్లోంచి పుర్రెలోకి దిగుతుంది. మీ నాన్న మంకీ క్యాప్ ఇస్తాడు, నవ్వకుండా తీసుకో. పది గంటలయ్యేసరికి అన్నీ ఒకటొకటిగా విప్పుతావు.

కలహారిలో ఆ నెల్లో జంతువులు కుప్పలుగా కనిపించవు. వానలు పడే జనవరి నుంచి మార్చి వరకైతే డిసెప్షన్ వ్యాలీలో పచ్చిక మొలిచి స్ప్రింగ్‌బాక్ జింకలు మందలుగా దిగుతాయి. చలికాలంలో చెల్లాచెదురైపోతాయి. అక్కడ ఇసుక మీద జాడలు చదవడం నేర్చుకో, గైడు చెప్తాడు. నీటి చుక్క లేని చోట గెమ్స్‌బాక్ అనే పెద్ద జింక ఎలా బతుకుతుందో అడుగు. త్సమ్మా అని అడవి పుచ్చకాయ ఉంటుంది, దానిలో నీళ్ళే దానికి దిక్కు. మఖడిఖడిలో కూడా జీబ్రాలు మైదానం మీద ఉండవు, పడమటి పక్క బొటేటి నది దగ్గర చేరతాయి. మైదానం మాత్రం ఖాళీగా, తెల్లగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. పైకి గట్టిగా కనిపిస్తుంది గాని, పైపెంకు కింద బురద. బండి కూరుకుపోతే రోజులు పడుతుంది. గైడు పాత చక్రాల జాడ వదలకుండా తోలుతుంటే "అటు పోనీ, ఫొటో బావుంటుంది" అనకు.

సెంట్రల్ కలహారి 1961లో వన్యమృగాల రిజర్వు అయింది. అక్కడ తరతరాలుగా ఉన్న సాన్ ప్రజల్ని 1997లో, 2002లో బయటికి తరలించారు. వాళ్ళు కోర్టుకెళ్ళి 2006లో గెలిచారు. వాళ్ళు నీకు ఎక్కడైనా ఎదురైతే ముందు పలకరించు, కెమెరా తర్వాత. అసలు ఆ దేశంలో ఎవరినైనా సరే "దుమేలా మా, దుమేలా రా" అని పలకరించకుండా పని అడగడం మోటుతనం. పెట్రోలు బంకులో కుర్రాడినైనా అంతే.

ఇక డెల్టా. నేను కోనసీమ పిల్లని కదా, డెల్టా అంటే చివర సముద్రం ఉంటుందనుకున్నాను. అక్కడ ఉండదు. అంగోలా కొండల మీద జనవరి, ఫిబ్రవరుల్లో పడ్డ వాన నెలల తరబడి నడిచి, నమీబియా ముక్క దాటి, బోట్స్వానాలో చినుకు లేని చలికాలంలో అక్కడికి చేరుతుంది. చేరి ఇసుకలో పరుచుకుని, ఎండకీ మొక్కలకీ ఇసుకకీ పంచిపెట్టి ఆగిపోతుంది. నువ్వు వెళ్ళే సమయానికి వరద నిండుగా ఉంటుంది. ఆ దీవుల్లో చాలావాటికి పునాది చెదపుట్టలే. పుట్ట మీద చెట్టు మొలుస్తుంది, చెట్టు చుట్టూ మట్టి చేరుతుంది. 2014లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు, అది వెయ్యవదట. నీళ్ళకీ ఒక మాట మీద నిలకడ ఉండదక్కడ. సవూటి కాలువ 1982లో ఎండిపోయింది. మేమున్నన్నాళ్ళూ అందులో ఇసుకే. 2010లో మళ్ళీ నీళ్ళు సవూటి చిత్తడి నేల దాకా వచ్చాయని వార్త చదివి మీ మామయ్య పేపరు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

మొకోరో అనే సన్నటి పడవ ఎక్కుతావు. పూర్వం చెట్టు బోదె తొలిచి చేసేవాళ్ళు, చెట్లు మిగలాలని ఇప్పుడు ఫైబర్‌గ్లాస్‌వి వచ్చాయి. అంచు నీళ్ళకి జానెడు ఎత్తులో ఉంటుంది. చెయ్యి నీళ్ళలో పెట్టకు, లేచి నిలబడకు, వెనక గడ వేసేవాడు ఆగాడంటే ఎందుకని అడగకు. ఎదర హిప్పో ఉండి ఉంటుంది. చూడ్డానికి మందంగా ఉంటుంది గాని, దానికీ నీటికీ మధ్య మనిషి అడ్డమొస్తే చంపేస్తుంది. నీళ్ళలో దిగి స్నానం సరదా వద్దే వద్దు. మొసలి సంగతి సరే, నత్తల వల్ల వచ్చే బిల్హార్జియా జబ్బు కూడా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. టెంట్లో తిండి పెట్టుకోవద్దని గైడు మొదటి రోజే చెప్తాడు. నువ్వు తల ఊపుతావు. మీ మామయ్య కూడా ఊపాడు.

80ల చివర్లో, స్కూలు సెలవుల్లో మొరేమిలో థర్డ్ బ్రిడ్జ్ దగ్గర దిగాం. అక్కడ క్యాంపుకి కంచె ఉండదు, ఇప్పటికీ అంతే. మీ బావకి అప్పుడు నాలుగేళ్ళు. మాతో వచ్చిన గైడు మౌన్ మనిషి, బయేయి తెగవాడు, మాట తక్కువ. సాయంత్రం పళ్ళు, బిస్కెట్లు, పాల డబ్బా అన్నీ అడిగి తీసుకుని బండిలో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "ఇంకేమైనా ఉన్నాయా?" అని మళ్ళీ అడిగాడు. లేవన్నాం. మీ మామయ్య మాత్రం పిల్లాడు రాత్రి లేచి ఆకలని ఏడుస్తాడని నారింజలు ఒక సంచిలో పెట్టి, సంచి తలగడ పక్కన దాచాడు. నాకూ చెప్పలేదు. ఆరు అని నేనంటాను, నాలుగే అని ఆయన ఇప్పుడు కూడా పక్కన కూర్చుని వాదిస్తున్నాడు.

ఏనుగు అడుగు చప్పుడు వినపడదు, అది గుర్తుపెట్టుకో. మాకు మెలకువ వచ్చింది దాని కడుపులో గుడగుడకి. తర్వాత టెంటు గుడ్డ లోపలికి ఉబ్బింది. బయట నుంచి గైడు గొంతు, అరుపు కాదు, మామూలు గొంతు. "కదలొద్దు. లైటు వెయ్యొద్దు. పిల్లాడి నోరు ముయ్యి." నేను పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుని వాడి మొహం నా పొట్టకి అదుముకున్నాను. తొండం కొస గుడ్డ మీద అటూ ఇటూ తడుముతోంది, తలగడ దగ్గర ఆగింది. పర్రున చిరిగింది. సంచితో సహా నారింజలు బయటికి పోయాయి. అది అక్కడే నిలబడి నమిలింది. ఆ వాసన టెంటంతా నిండింది. గైడు మెల్లగా బండి స్టార్టు చేసి, మాకూ దానికీ మధ్యకి కొద్దికొద్దిగా తెచ్చాడు. అది తీరిగ్గా వెళ్ళిపోయింది.

తిడతాడనుకున్నాం. తిట్టలేదు. తెల్లారాక టీ పెట్టి ఇచ్చి, చేపల దారంతో టెంటు కుడుతూ కూర్చున్నాడు. మీ మామయ్య సారీ చెప్పబోతే సూది ఆపకుండా అన్నాడు: "మీరు ఇంటికి వెళ్ళిపోతారు. దానికి మాత్రం టెంట్లో నారింజలుంటాయని తెలిసిపోయింది. రేపు ఇంకో టెంటు చింపుతుంది, తర్వాత కారు అద్దం పగలగొడుతుంది, ఆ తర్వాత తుపాకీ పట్టుకుని ఎవరో వస్తారు." ఆ మాటకి మీ మామయ్య దగ్గర జవాబు లేదు. మరుసటి ఏడు మౌన్ బజారులో విన్నాం, ఆ చుట్టుపక్కల బండ్లు తెరవడం మరిగిన మగ ఏనుగుని కాల్చేశారని. మాది అదేనా అని ఆయన చాలామందిని అడిగాడు. ఎవరు చెప్పగలరు? బోట్స్వానాలో లక్షా ముప్పై వేల దాకా ఏనుగులున్నాయి, మరే దేశంలోనూ అన్ని లేవు. "ఒకటి పోతే ఏమైంది" అని స్నేహితుడొకడు సర్దిచెప్పబోతే ఆయన వాడితో చాన్నాళ్ళు మాట్లాడలేదు. ఆ తర్వాత మేం ఎక్కడికి వెళ్ళినా అందరి సంచులూ, నా హ్యాండ్‌బ్యాగుతో సహా, ఆయనే తెరిచి వెతికేవాడు. పిల్లలు ఆయనకి చెక్‌పోస్టు అని పేరు పెట్టారు.

అందుకని చెప్తున్నాను. మీ అమ్మ కందిపొడి, ఆవకాయ కట్టి ఇస్తుంది, తీసుకెళ్ళు, తప్పులేదు. దిగిన రోజే సీసాలన్నీ గైడు చేతికిచ్చెయ్యి. చూయింగ్ గమ్ కూడా. బూట్లు బయట విప్పకు, హైనా తోలు నమలడానికి ఎత్తుకుపోతుంది. సింహం పక్కన బండి ఆగితే లేచి నిలబడకు, బండీ మనుషులూ కలిపి దాని కళ్ళకి ఒకే ఆకారం. నువ్వు లేస్తే ఆ ఆకారం విడిపోతుంది. ఫొటో కోసం దారి దిగమని గైడుని ఒత్తిడి చెయ్యకు. నేషనల్ పార్కుల్లో అది నిషేధం, చీకటి పడ్డాక తిరగడం కూడా. నువ్వు టిప్పు ఆశ పెడితే లొంగే కుర్రాళ్ళు ఉంటారు, పాపం వాళ్ళ లైసెన్సు పోతుంది.

ఇంకో మాట, మీ నాన్నకి చూపించకు. ఆడపిల్లలు బండిలో మగాళ్ళున్నారని మొహమాటపడి పొద్దుట్నించి నీళ్ళు తాగడం మానేస్తారు. నేను చూశాను, మూడో రోజుకి జ్వరంతో పడుకుంటారు. నీళ్ళు తాగు, ఆపమని అడుగు. గైడు ముందు దిగి చుట్టూ చూసి చోటు చూపిస్తాడు, వాళ్ళకి అది రోజూ ఉండేదే. నెలసరికి కావలసినవి ఇక్కడి నుంచే తీసుకెళ్ళు, వాడినవి కట్టి తిరిగి తీసుకురావడానికి సంచి కూడా. రాత్రి లేవాల్సొస్తే టెంటుకి వెనక టాయిలెట్ ఉందో లేదో ఇప్పుడే కంపెనీని అడుగు. లేకపోతే మూతున్న డబ్బా ఒకటి లోపల పెట్టమను. సిగ్గేం లేదు. చీకట్లో జిప్పు తీసి బయటికి అడుగు పెట్టావని నాకు తెలిస్తే మాత్రం నీ చెంప పగులుతుంది.

కూరగాయల భోజనం కావాలని ముందే రాయి. మొరోగో అని ఆకుకూర పెడతారు, అలసంద ఆకుతో చేసింది దొరికితే వదలకు. దారిలో గేట్ల దగ్గర ఆపి మందు నీళ్ళలో చెప్పులు ముంచమంటారు, పచ్చి మాంసం ఉందా అని అడుగుతారు. పశువులకి గాలికుంటు సోకకుండా, విసుక్కోకు. టిప్పు గైడుకి వేరు, వంటవాళ్ళకి, గడ వేసేవాళ్ళకి వేరుగా కవర్లలో పెట్టుకో, చివరి రోజు చిల్లర వెతుక్కోకుండా.

ఫోను సంగతి. కలహారిలో సిగ్నల్ ఉండదు, ఏ రోజుల్లో ఉండదో ముందే కాగితం మీద రాసి మీ ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించు. ఆ రోజుల్లో మీ నాన్నని నా దగ్గరికి రమ్మన్నాను. ఇక్కడే ఉంటాడు, మీ మామయ్యతో పేకాడుకుంటాడు. సిగ్నల్ రాగానే నా నంబరుకే చెయ్యి, ముందు వాడికే ఇస్తాను.

మీ అత్తయ్య