పాత కలప రైలు బాట ఇప్పుడెవరిది?

ప్రశ్న: నార్త్ కరోలినాలో బ్లాక్ మౌంటెన్ ఊరి పైన కొండవాలులో స్థలం కొన్నాం. దస్తావేజులో 'రైల్‌రోడ్ రైట్ ఆఫ్ వేకు (రైలు బాట దారి హక్కుకు) లోబడి' అని ఉంది. పట్టాలు లేవు, చదును చేసిన బాట మిగిలింది. అది అందరి దారేనంటూ పక్కవాళ్లు బండ్లు తోలుతున్నారు. గేటు పెట్టి తాళం వేయొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆ రైలు మీ నేల మీదికి ఏ హక్కుతో వచ్చిందో తేలాలి.

అక్కడి మౌంట్ మిచెల్ రైల్‌రోడ్ పని 1911లో మొదలైంది. డిక్కీ, క్యాంప్‌బెల్ మొదలుపెట్టిన ఆ లైను 1913లో పెర్లీ అండ్ క్రాకెట్ కలప కంపెనీ చేతికి వచ్చింది. కొండ మీది స్ప్రూస్ చెట్ల దుంగలు కిందికి దించడమే దాని పని. 1915 నుంచి కొన్నేళ్లు యాత్రికులనూ ఎక్కించుకున్నారు. 1921లో కలప పని ముగిసింది. 1922లో ఆ బాట మీదే మోటారు టోల్ రోడ్డు తెరిచారు. కాబట్టి 1921 తర్వాతి దస్తావేజులూ చూడక తప్పదు.

యాష్‌విల్‌లోని బంకమ్ కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ (దస్తావేజుల నమోదు ఆఫీసు) ఇండెక్సులో పై పేర్లన్నిటితో, కొన్నవాళ్ల వైపు నుంచి వెతికించండి. నేలనే కొని ఉంటే బాట ఆ కంపెనీ తర్వాతి వారసులది. కలప దస్తావేజులో గడువు పెట్టి ట్రామ్ (కలప మోసే చిన్న రైలు బాట) వేసుకోనిచ్చి ఉంటే గడువుతో హక్కు పోయింది. దారి హక్కు మాత్రమే ఇచ్చి ఉంటే, ఆ రాష్ట్ర చట్టం 1-44.1 సెక్షన్ చూడాలి: పట్టాలు తీసేసి 7 ఏళ్లు తిరిగి వేయకుండా, రైలు పనికి వాడకుండా ఉంటే రైల్‌రోడ్ ఆ దారిని వదులుకున్నట్టే భావిస్తారు. 1-44.2 ప్రకారం అలా వదిలిన బాట ఇరుపక్కల భూయజమానులకు మధ్యగీత వరకు చెందుతుందని భావిస్తారు. మెరుగైన హక్కు పత్రం ఎవరైనా చూపితే ఆ భావన నిలవదు.

రైలు హక్కు పోయినంత మాత్రాన పక్కవాళ్ల వాదన పోదు. అనుమతి లేకుండా, బాహాటంగా, ఎడతెగకుండా 20 ఏళ్లు నడిచామని రుజువు చేస్తే వాళ్లకు సొంత దారి హక్కు వస్తుంది. మీ ముందటి యజమాని పోనీలే అని నడవనిచ్చి ఉంటే ఆ ఏళ్లు లెక్కలోకి రావు. ఆయన చేత ఆ మాట అఫిడవిట్‌గా ఇప్పుడే రాయించుకోండి. తర్వాత సాక్ష్యం దొరకదు.

సర్వేయరుకు ఒక మాట చెప్పండి. ఈ లైను స్విచ్‌బ్యాక్‌లతో కొండెక్కింది. రైలు మొత్తం మలుపు దాటి ముందుకెళ్లి ఆగి, వెనక్కి నడిచి పై మెట్టెక్కేది. అందుకే మలుపు అవతల ఎటూ పోని తోక ముక్క ఉంటుంది. చాలా ప్లాన్లలో అది తప్పిపోతుంది, హద్దు తగాదా అక్కడే పుడుతుంది. దాని మధ్యగీతనూ గీయించండి.

టైటిల్ ఇన్సూరెన్స్ (భూమి హక్కుకు బీమా) పాలసీలో షెడ్యూల్ బి, అంటే బీమా వర్తించని వాటి జాబితాలో, ఈ రైట్ ఆఫ్ వే లేకపోతే బీమా కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలపండి. ఉంటే, క్వయట్ టైటిల్ దావా (హక్కు ఎవరిదో కోర్టు చేత తేల్పించుకునే దావా) ఖర్చు మీదే.