లూపస్ ఉన్నవాళ్లకి హెచ్‌ఐవీ రియాక్టివ్ వస్తే

మీ చెల్లెలికి బయాప్సీలో లూపస్ కిడ్నీ సమస్య అని వచ్చిందనీ, ఆ తర్వాత హెచ్‌ఐవీ ఎలైజా రక్తపరీక్ష రియాక్టివ్ (పాజిటివ్) అన్నారనీ రాశారు కదా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు, అందులో ఒంట్లో రకరకాల యాంటీబాడీలు తిరుగుతుంటాయి కాబట్టి, యాంటీబాడీలను వెతికే ఎలైజా ఒక్కోసారి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. ఒక్క రిపోర్టుతో ఎవరూ తేల్చరు. ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) వేర్వేరు కిట్లతో ఉచితంగా మళ్లీ చూస్తారు, అప్పటికీ అనుమానముంటే వైరల్ లోడ్ అడగండి, అది యాంటీబాడీని కాదు, నేరుగా వైరస్ ఆర్‌ఎన్‌ఏనే వెతుకుతుంది.

అలాగని వదిలేయకండి. హెచ్‌ఐవీ వల్ల కూడా కిడ్నీలో అచ్చం లూపస్‌లాంటి మార్పులు రావచ్చు. బయాప్సీలో ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీలు, సీ3, సీ1క్యూ అనే రోగనిరోధక ప్రొటీన్లు అన్నీ పాజిటివ్ అయితే 'ఫుల్ హౌస్' అంటారు, అది రెండింట్లోనూ కనిపిస్తుంది. అక్కడ ఏఎన్‌ఏ, యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ (లూపస్ కోసం చేసే రక్తపరీక్షలు) రిపోర్టులు పనికొస్తాయి, హెచ్‌ఐవీ రకంలో ఇవి సాధారణంగా నెగటివ్. ఆ కాగితాలు తీసి చూడండి. హెచ్‌ఐవీ అని తేలితే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) తప్పనిసరి. ఈలోగా లూపస్‌కి ఇచ్చే స్టెరాయిడ్, మైకోఫినోలేట్ మందులు మాత్రం మీ అంతట మీరే ఆపొద్దు.

వైరస్ వల్లే లూపస్ వస్తుందా అంటే, న్యూజిలాండ్ జాతి ల్యాబ్ ఎలుకల్లో, వాటి జన్యువుల్లోనే ఉండే రెట్రోవైరస్ (హెచ్‌ఐవీ కుటుంబానికి చెందిన వైరస్) తాలూకు జీపీ70 ప్రొటీన్ యాంటీబాడీతో కలిసి కిడ్నీ ఫిల్టర్లలో పేరుకోవడం చూశారు. మనుషుల్లో అలా రుజువు కాలేదు.